ల్యాబ్‌లో పెరిగింది ల్యాబ్‌లోనే చావాలి

మిల్లీలీటరుకి లక్ష బ్యాక్టీరియా ఉన్న మూత్రం లోంచి ఒక్క మైక్రోలీటరు లూప్‌తో (కొసన చిన్న ఉంగరం ఉన్న తీగతో) తీసి, బ్యాక్టీరియాకి మేతైన అగర్ జెల్లీ పోసిన ప్లేటు మీద గీస్తే, పడేవి దాదాపు వంద. మర్నాడు పొద్దున ఇంక్యుబేటర్ తలుపు తీసేసరికి ఆ వందా కంటికి కనిపించే వంద గుంపులై, అంటే కాలనీలై కూర్చుంటాయి. కాలనీకి కోటి చొప్పున లెక్కేసుకున్నా ప్లేటు మీద వంద కోట్లు! పేషెంటు ఒంట్లోంచి వంద వస్తే, రాత్రికి రాత్రే వంద కోట్లు చేసింది మన ఇంక్యుబేటరే. రిపోర్టు రాసేశాక ఆ ప్లేటు ఎవరికీ అక్కర్లేదు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

వార్డులోంచి వచ్చే రక్తపు దూదికీ, ల్యాబ్‌లోంచి వెళ్లే కల్చర్ ప్లేటుకీ తేడా ఇదే. దూది మీద ఉన్నవి ఉన్నన్నే. ప్లేటు మీద మనం మేతపెట్టి పెంచాం. అందుకే 2016 మార్చి 28న వచ్చిన బయో మెడికల్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ల్యాబ్ చెత్తకి ఒక ప్రత్యేకమైన షరతు పెట్టాయి. మైక్రోబయాలజీ వ్యర్థాలు, ల్యాబ్ వ్యర్థాలు, రక్తం శాంపిళ్లు, బ్లడ్ బ్యాగులు, వీటిని పుట్టిన చోటే ముందుగా క్రిమిరహితం చేశాకే బయటి ట్రీట్‌మెంట్ కేంద్రానికి అప్పగించాలి.

"వ్యాన్ రోజూ వస్తుంది, వాళ్లెలాగూ కాల్చేస్తారు, మళ్లీ మనమెందుకు ఉడకబెట్టడం?" అన్న ప్రశ్న ప్రతి చిన్న ల్యాబ్‌లోనూ వినిపిస్తుంది. 75 కిలోమీటర్ల లోపు ఉమ్మడి ట్రీట్‌మెంట్ కేంద్రం ఉంటే సొంతంగా ఇన్సినరేటర్ లాంటివి పెట్టుకోకూడదని నిబంధన ఉన్న మాట నిజమే. దాన్ని పట్టుకుని ముందస్తు ట్రీట్‌మెంట్ కూడా అక్కర్లేదనుకుంటారు. అది వేరు, ఇది వేరు. మన మెట్ల కింద పెట్టిన సంచిని ఒకరు ఎత్తుతారు, వ్యాన్‌లోకి ఒకరు విసురుతారు, కేంద్రంలో ఒకరు దించుతారు. దారిలో సంచి చిరిగిందంటే ఆ వంద కోట్లూ వాళ్ల చేతుల మీదే. సంచికి పసుపు రంగు ఉన్నంత మాత్రాన లోపల ఒక్క క్రిమి కూడా చావదు. రంగు చెప్పేది అది ఎటు వెళ్లాలో అంతే.

రంగుల సంగతి ల్యాబ్ వాళ్లందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. కల్చర్లు, ప్లేట్లు, స్టాకులు, రక్తపు దూది, టిష్యూ ముక్కలు పసుపులోకి. సూది తీసేసిన సిరంజిలు, ట్యూబులు, గ్లౌజులు ఎరుపులోకి. సూదులు, బ్లేడ్లు, లాన్సెట్లు తెల్లటి గట్టి డబ్బాలోకి. గాజు సామాను నీలం గుర్తున్న డబ్బాలోకి. ఏదైనా ముప్పాతిక నిండగానే మూసెయ్యాలి. ట్రీట్ చెయ్యని రక్తపు, బయోటెక్నాలజీ వ్యర్థాల్ని 48 గంటలు మించి ఉంచకూడదు.

ఇక చాలా ల్యాబుల్లో జరిగే పెద్ద పొరపాటుకి వద్దాం. బల్ల కింద ఒక బకెట్, అందులో హైపో, అంటే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం. ప్లేట్లు, ట్యూబులు, పిపెట్ టిప్పులు, దూది అన్నీ అందులోకే. సాయంత్రం నీళ్లు వంపేసి మిగిలింది పసుపు సంచిలో వేసి కట్టేస్తారు. దీంట్లో రెండు తప్పులున్నాయి.

మొదటిది, పసుపు సంచి వెళ్లేది మంటలోకి. హైపో అంటే క్లోరిన్. క్లోరిన్ ఉన్న సరుకుని కాల్చితే డయాక్సిన్లు, ఫ్యూరాన్లు పుడతాయి. ఇన్సినరేటర్ చిమ్నీ పొగలో వీటి పరిమితిని ఘనపు మీటరుకి 0.1 నానోగ్రామ్‌గా పెట్టారంటేనే అవెంత విషమో అర్థం చేసుకోవాలి. క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ సంచులు వాడొద్దన్నదీ ఇందుకే. పసుపులోకి పోయే ల్యాబ్ వ్యర్థాలకి ముందస్తు ట్రీట్‌మెంట్ "క్లోరిన్ లేని రసాయనాలతో" చెయ్యమని నిబంధనలోనే ఉంది. ఆ ఒక్క మాట చాలామంది చదవకుండా దాటేస్తారు. కాబట్టి ప్లేట్లకి ఆవిరే సరైన దారి. హైపో స్థానం వేరు: ద్రవాలకి, బల్ల తుడవడానికి.

రెండోది, మూత బిగించి ఉన్న సీరం ట్యూబుని హైపోలో పడేస్తే ట్యూబు బయట శుభ్రమవుతుంది, అంతే. లోపలి రక్తాన్ని హైపో తాకనే తాకదు. టిప్పులదీ అదే కథ, కొసలో గాలి బుడగ ఇరుక్కుంటే ద్రావణం లోపలికి ఎక్కదు. పైన తేలే ప్లేటు మూతకి సగమే తడి. బకెట్‌లో వేశాం కాబట్టి చచ్చిపోయాయని అనుకోవడం మన మనశ్శాంతికి తప్ప దేనికీ పనికిరాదు. అలాగని రక్తం ట్యూబుల మూతలు ఒక్కొక్కటీ పీకుతూ కూర్చోవద్దు, చిట్లి మొహం మీద పడుతుంది. మూతతోనే ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో ఉన్న ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రంలో పెట్టండి. లోపలి రక్తంలో ఉన్న నీరే 121 డిగ్రీలకి వేడెక్కి పని చేస్తుంది. కొన్ని మూతలు ఎగిరిపోవచ్చు కాబట్టి మూతపెట్టిన స్టీలు డబ్బాలో ఉంచండి, మూత మాత్రం వదులుగా ఉండాలి.

అసలు పనంతా ఆటోక్లేవ్‌దే, నిదానంగా చెప్పుకోవాలి.

ఇంట్లో ప్రెషర్ కుక్కర్ పెట్టేటప్పుడు చెయ్యి తిరిగినవాళ్లు వెంటనే వెయిట్ పెట్టరు. ముక్కులోంచి ఆవిరి ధారగా బుస్సుమని వచ్చేదాకా ఆగి అప్పుడు పెడతారు. లోపలి గాలి బయటికి పోవాలని అలా ఆగుతారు. నిలువు ఆటోక్లేవ్‌కీ ఇదే ప్రాణం. గాలి మిగిలి ఉంటే ఒత్తిడి మీటరు (చదరపు అంగుళానికి) 15 పౌండ్లు చూపిస్తుంది, లోపల వేడి మాత్రం ఉండదు. గాలి పూర్తిగా పోతే 15 పౌండ్ల దగ్గర 121 డిగ్రీలు. మూడింట రెండొంతులు పోతే 115. సగం పోతే 112. మూడోవంతే పోతే 109. అసలు పోకపోతే 100! ఈ అయిదు సందర్భాల్లోనూ ముల్లు ఒకే చోట నిలబడుతుంది. ముల్లు చూసి సైకిల్ అయిపోయిందని రాసేవాళ్లు 100 డిగ్రీల దగ్గర ఉడకబెట్టి 121 అని రాస్తున్నట్టే. స్పోర్లు, అంటే కొన్ని బ్యాక్టీరియా గట్టి పెంకులో దాక్కునే రూపాలు, 100కి చావవు. కాబట్టి ఆవిరి వాల్వు తెరిచే ఉంచాలి. ముందు నీళ్ల తుంపర్లతో తెగి తెగి వచ్చేది కాస్తా ఎడతెగని ధారగా మారి, అయిదు నిమిషాల పాటు అలాగే వచ్చాకే మూయాలి. థర్మామీటర్ లేని ఆటోక్లేవ్‌ని వ్యర్థాలకి వాడొద్దని మా గట్టి అభిప్రాయం.

ఎంతసేపు అన్నదాంట్లో ఇంకో పెద్ద తప్పు. మీడియా (బ్యాక్టీరియాని పెంచే మేత) తయారీకి 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు చాలు, చదువుకున్నప్పటి నుంచీ చేతికి అలవాటైన అంకె అది. దాన్నే వ్యర్థాలకీ వాడేస్తారు. గాలిని ఆవిరే నెట్టే మామూలు ఆటోక్లేవ్‌లో వ్యర్థాలకి నిబంధన చెప్పేది 121 డిగ్రీలు, 15 పౌండ్ల దగ్గర 60 నిమిషాలకి తగ్గకూడదని. 135 డిగ్రీలు, 31 పౌండ్లయితే 45 నిమిషాలు. వాక్యూమ్ ఉన్నదైతే, ముందు మూడుసార్లు గాలి లాగాక, 121 దగ్గర 45 నిమిషాలు లేదా 135 దగ్గర 30 నిమిషాలు. గడియారం మొదలవ్వాల్సింది స్విచ్ వేసినప్పుడు కాదు, 121 తాకినప్పుడు. 35 నిమిషాలు అయ్యాక కరెంటు పోయి పావుగంటకి వచ్చిందనుకోండి, మిగిలిన 25 చాలవు. మళ్లీ సున్నా నుంచి 60 నడపాలి.

15 నిమిషాల మీడియా సైకిల్ ప్లేట్ల సంచికి ఎందుకు సరిపోదో అర్థం కావాలంటే సంచిలో ఏముందో చూడాలి. ముప్ఫై నలభై ప్లేట్లు ఒకదాని మీద ఒకటి అతుక్కుని ఉంటాయి, ఒక్కోదాంట్లో 20 మిల్లీలీటర్ల అగర్, చుట్టూ ప్లాస్టిక్. ప్లాస్టిక్ వేడిని లోపలికి పోనివ్వదు. బయటి ప్లేటు 121 చేరినప్పుడు నడుమ ఉన్న ప్లేటు ఇంకా గోరువెచ్చగా ఉండొచ్చు. ఇడ్లీ పాత్రలో రేకు రేకుకీ మధ్య సందు ఎందుకుంటుంది? ఆవిరి ప్రతి రేకునీ తాకడానికే. ఆ పిండంతా ఒకే గిన్నెలో పోసి అంతే సేపు పెడితే నడుమ పచ్చిగానే ఉండిపోతుంది. ప్లేట్లదీ అంతే. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న స్టీలు డబ్బా తీసుకుని, సగానికి కొంచెం పైదాకా వేసి ఆపాలి. ఛాంబర్ గోడలకీ డబ్బాకీ మధ్య ఆవిరి తిరిగే ఖాళీ వదలాలి.

సంచి వాడితే దాని మూతి బిగించి కట్టకూడదు. ఆవిరి గాలికన్నా తేలిక, పైనుంచి దిగుతూ గాలిని కిందికి నెడుతుంది. మూతి కట్టిన సంచిలోకి అది ఎలా దిగుతుంది? లోపల ఉన్నవి పొడి గ్లౌజులు, టిష్యూ కాగితాలైతే మరీ కష్టం, 121 డిగ్రీల పొడి వేడి గంటలో స్పోర్లని చంపలేదు. అందుకే మూతి రెండు మూడు వేళ్లు దూరేలా వదులుగా ఉంచి, కట్టే ముందు లోపల ఓ గ్లాసెడు నీళ్లు, 200 మిల్లీలీటర్ల దాకా, పొయ్యండి. ఆ నీళ్లే లోపల ఆవిరవుతాయి. సంచి ఆటోక్లేవ్‌కి తట్టుకునేదై ఉండాలి. వ్యాన్ వాళ్లిచ్చే మామూలు పసుపు కవరు కరిగి ఛాంబర్ అడుక్కి అంటుకుపోతుంది, డ్రెయిన్ జల్లెడ పూడిపోతుంది, ఆ తర్వాతి సైకిల్లో గాలి బయటికి పోదు. కింద స్టీలు ట్రే లేకుండా ఏదీ పెట్టొద్దు.

అయిపోయాక తొందరపడి వాల్వు తెరవకండి. సీసాల్లో ద్రవముంటే ఒత్తిడి ఒక్కసారిగా తగ్గగానే పొంగి మీదికొస్తుంది. సీసా మూడింట రెండొంతులకి మించి నింపకుండా, మూత ఒక చుట్టు వదులు చేసి పెట్టాలి. ఒత్తిడి సున్నాకి, వేడి 80 డిగ్రీల లోపుకి వచ్చాకే తలుపు తియ్యాలి. పెట్రీ ప్లేట్లు పాలీస్టైరీన్‌వి కాబట్టి కరిగి ముద్దయిపోతాయి, కంగారు పడక్కర్లేదు. కరిగిన అగర్‌ని మాత్రం సింకులో పొయ్యకండి. 40 డిగ్రీల లోపుకి చల్లారగానే పైపులోనే గట్టిపడి కూర్చుంటుంది, అది మళ్లీ కరగాలంటే 85 డిగ్రీలు కావాలి. డబ్బాలోనే చల్లారనిచ్చి, ముద్దని ముద్దగా పసుపు సంచిలో వెయ్యండి. వ్యర్థాలకి వాడే ఆటోక్లేవ్ వ్యర్థాలకే ఉండాలి, మీడియాకీ దీనికీ ఒకటే నడపకూడదు. చిన్న ల్యాబులకి ఇది ఖర్చే, అయినా ఇక్కడ మాత్రం పిసినారితనం పనికిరాదు.

హైపో సంగతి. ద్రవ వ్యర్థాలకి ఒక శాతం ద్రావణం కావాలి. కొన్న సీసా 5 శాతమైతే ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్లు, అంటే 200 మిల్లీలీటర్లకి 800. 10 శాతమైతే 100కి 900. ఈ లెక్క అందరూ చేస్తారు. జారిపోయేది తర్వాతి లెక్క. ఒక శాతం హైపో లీటరు ఉన్న జాడీలోకి లీటరు సీరం, ఎనలైజర్ నీళ్లు వచ్చి చేరాయంటే అక్కడున్నది ఇక అర శాతమే. దానికి మేం చెప్పే ఉపాయం ఇది. జాడీ మీద మార్కర్‌తో రెండు గీతలు గియ్యండి, 200 దగ్గర ఒకటి, లీటరు దగ్గర ఒకటి. పొద్దున 5 శాతం హైపోని నీళ్లు కలపకుండా కింది గీతదాకా పొయ్యండి. రోజంతా వ్యర్థ ద్రవాన్ని అందులో పోస్తూ పై గీత రాగానే ఆపండి. అప్పుడు లెక్క ప్రకారం ఒక శాతమే ఉంటుంది. ఆఖరి చుక్క పడ్డాక కనీసం 20 నిమిషాలు, మా మాట వింటే అరగంట, ఆగి అప్పుడు డ్రెయిన్‌లోకి వదలండి. ఎక్కువగా రక్తమే ఉన్న జాడీ అయితే మొదటి గీతని కాస్త పైకి జరపండి, ప్రొటీన్ క్లోరిన్‌ని తినేస్తుంది.

లెక్క సరిగ్గా ఉన్నా సీసాలోనే బలం లేకపోతే? మన ఎండాకాలం హైపోకి శత్రువు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే అది పాడయ్యే వేగం మూడు రెట్లు దాటుతుంది, గాఢంగా ఉన్నది ఇంకా త్వరగా తరుగుతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద పెట్టిన 10 శాతం క్యాన్ మీద అంకె అలాగే ఉంటుంది, లోపల సరుకు ఉండదు. వాసన ఘాటుగా వస్తోంది కదా అని నమ్మకండి, కొంచెం మిగిలినా వాసన వస్తుంది. ఒక శాతమంటే 10,000 పీపీఎం (పది లక్షల వంతుల్లో పదివేలు). తయారు చేసినదాంట్లోంచి 1 మిల్లీలీటరు తీసి 99 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, నీళ్ల పరీక్షకి అమ్మే క్లోరిన్ స్ట్రిప్ ముంచితే 100 పీపీఎం దగ్గర రంగు రావాలి. 50 దగ్గర ఆగిందా, మీ హైపో సగమే.

ఇది చాదస్తమనిపిస్తే చైనాలోని లాన్‌జౌ నగరం గురించి చెప్పాలి. 2019 జులై, ఆగస్టుల్లో అక్కడ బ్రూసెల్లాకి (పశువుల నుంచి మనుషులకీ సోకే బ్యాక్టీరియా) పశువుల టీకా తయారుచేసే ఫ్యాక్టరీలో గడువు తీరిన క్రిమిసంహారిణి వాడారు. ట్యాంకుల నుంచి బయటికి పోయే గాలిలో బ్రూసెల్లా చావలేదు, గాలివాటున పక్కనున్న పశువైద్య పరిశోధన సంస్థ మీదికీ, ఊరి మీదికీ వెళ్లింది. 2020 సెప్టెంబరులో అక్కడి ఆరోగ్య అధికారులు చెప్పిన లెక్క ప్రకారం 3,245 మందికి ఆ క్రిమి తెచ్చే జబ్బు, బ్రూసెల్లోసిస్, తేలింది. గడువు తీరిన మందు అనగానే మనకి చిన్న విషయంగా అనిపిస్తుంది. అది ఇంత చేసింది.

హైపోని కలపకూడని వాటిలో యాసిడ్ సంగతి తెలియనివాళ్లుండరు, టాయిలెట్ క్లీనర్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. అంతగా ప్రచారంలో లేనిది ఇంకోటుంది. కోవిడ్ కాలంలో మన జిల్లాల్లోనూ ఆర్టీపీసీఆర్ ల్యాబులు చాలా వచ్చాయి. ఆర్‌ఎన్‌ఏ తీసే కిట్లలోని లైసిస్ బఫర్‌లో (క్రిమిని పగలగొట్టే ద్రావణం), కొన్ని రకాల శాంపిల్ ట్రాన్స్‌పోర్ట్ మీడియంలో గ్వానిడీన్ థయోసైనేట్ ఉంటుంది. దాన్ని హైపో జాడీలో పోస్తే సయనోజెన్ క్లోరైడ్, హైడ్రోజన్ సయనైడ్ లాంటి విషవాయువులు పుడతాయి. క్రిమిని చంపబోయి మనిషిని చంపుకున్నట్టవుతుంది. ఆ కిట్ల ద్రవాలకి వేరే సీసా, దాని మీద పెద్ద అక్షరాలతో "హైపో కలపరాదు" అన్న చీటీ ఉండాలి. అది రసాయన వ్యర్థంగానే వెళ్లాలి. ఆటోక్లేవ్‌లోనూ పెట్టొద్దు. హైపో పోసినవాటిని కూడా ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు, క్లోరిన్ ఆవిరి ఛాంబర్ స్టీలుని తినేస్తుంది, తలుపు తీసినవాళ్ల ఊపిరితిత్తుల్నీ వదలదు. ఫార్మలిన్‌లో ఉంచిన టిష్యూలకీ ఇదే వర్తిస్తుంది, హైపో వద్దు, ఆవిరీ వద్దు.

తెమడ డబ్బాలకి హైపో నమ్మదగ్గది కాదు. జిగురు క్లోరిన్‌ని పీల్చేసుకుంటుంది, క్షయ క్రిమికి మైనపు పొర ఉండనే ఉంది. మూత తీసి, కప్పు లోపల నిండేలా 5 శాతం ఫినాల్‌లో రాత్రంతా పూర్తిగా ముంచి ఉంచడమో, నేరుగా ఆటోక్లేవ్ చెయ్యడమో మేలు. ఫినాల్‌లో క్లోరిన్ లేదు కాబట్టి పసుపు సంచికీ ఇబ్బంది లేదు.

సూదుల గురించి ఒక్క మాట. ఎరుపు సంచిలో పడిన సూది, దాన్ని ఎత్తే మనిషి తొడలోకి దిగుతుంది, ఎందుకంటే సంచిని కాలికి ఆనించుకునే మోస్తారు. వాడిన సూదికి మూత తిరిగి పెట్టొద్దు, హబ్ కట్టర్‌లో (సూదిని సిరంజి నుంచి కోసే పరికరం) కోసి తెల్లడబ్బాలోకి. గుచ్చుకుంటే పిండకుండా, నోట్లో పెట్టుకోకుండా సబ్బు నీళ్లతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. హెచ్‌ఐవీ రాకుండా మందు వీలైతే 2 గంటల్లోపు, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటల్లోపు మొదలవ్వాలి, 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బీ టీకా లేనివాళ్లకి రిస్కు ఇంకా చాలా ఎక్కువ. ఊడ్చే ఆమెకి ఆ టీకా మూడు డోసులూ పడ్డాయా లేదా ఈ రోజే అడగండి.

చివరగా రుజువు. ఆటోక్లేవ్ టేపు మీద నల్ల చారలు వచ్చాయంటే టేపు అతికించిన చోట వేడి తగిలిందని అర్థం, అంతకుమించి ఏమీ లేదు. నడుమ ఉన్న ప్లేటు సంగతి అది చెప్పదు. అది చెప్పేది జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ స్పోర్ల పరీక్షే. పది లక్షల స్పోర్లున్న వయల్ లేదా స్ట్రిప్‌తో వారానికోసారి తప్పనిసరి. ఊదా రంగు ద్రవం ఉండే వయల్స్ దొరుకుతాయి. దాన్ని ఖాళీ ఛాంబర్‌లో పైన పెట్టి నడిపితే ఎప్పుడూ పాసే అవుతుంది, ఆ పరీక్షకి విలువ లేదు. మామూలుగా వేసేంత నిండు లోడులో, సంచి నడిబొడ్డున, ప్లేట్ల మధ్య దూర్చి పెట్టాలి, బయటికి లాగడానికి ఒక దారం కట్టి. అయ్యాక చల్లారనిచ్చి, లోపలి ఆంప్యూల్ చిట్లగొట్టి 55 నుంచి 60 డిగ్రీల మధ్య 48 గంటల దాకా ఇంక్యుబేట్ చెయ్యాలి. పక్కన ఆటోక్లేవ్ చెయ్యని వయల్ ఒకటి ఉండాలి. అది పసుపుకి మారాలి, మనది ఊదాగానే ఉండాలి. రెండూ ఊదాగానే ఉంటే స్పోర్లే చచ్చిన సరుకు, పరీక్ష చెల్లదు.

మనది పసుపుకి మారిందంటే ఆ ఆటోక్లేవ్‌లోంచి ఇక ఒక్క సంచీ బయటికి వెళ్లకూడదు. ముందు తలుపు గ్యాస్కెట్ చూడండి, తర్వాత డ్రెయిన్ జల్లెడ, ఆ తర్వాత లోడు ఎంత కుక్కారన్నది. నూటికి తొంభై వీటిలోనే దొరుకుతుంది. సరిచేసి, మామూలుగా వేసేంత లోడుతోనే కొత్త వయల్ పెట్టి మళ్లీ నడపండి. పాత లోడు ఇంకా మెట్ల కిందే ఉంటే వెనక్కి తెచ్చి మళ్లీ ఉడకబెట్టండి. వెళ్లిపోయి ఉంటే కేంద్రానికి ఫోన్ చేసి ఆ సంచుల బార్‌కోడ్ నంబర్లు చెప్పండి. లాగ్‌బుక్‌లో తేదీ, లోడు నంబరు, వయల్ బ్యాచ్ నంబరు, ఏం తప్పు దొరికిందో, ఎవరు సరిచేశారో రాసి సంతకం పెట్టండి. ఆ పుస్తకం అయిదేళ్లు దాచాలి.